క్షారం అన్న మాట

మొన్న సెలవులలో బరంపురంలోని మా ఇంటి వంటగది ఒక పూట రసాయనశాల అయింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మనుమడు, బడిలో చూచిన ప్రయోగం మాకు చూపుతానన్నాడు. వాడి చదువంతా ఒడియాలో. తెలుగు అర్థమవుతుంది గాని, మామ్మతో మాటలు తగ్గించాడు. ఆమెకేం తెలుసునని వాడి ఉద్దేశం కాబోలు!

గాజుగ్లాసులో నీళ్ళు పోసి, హుమ్మ మళ్ళ గళ్ళుప్పు కలిపాము. రెండు పెన్సిళ్ళకు రెండు కొనలూ చెక్కి, కింది కొనలు నీటిలో ముంచి, పై కొనలను తీగలతో తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తగిలించాము. ఇంటి కరెంటుతో మాత్రం ఎవరూ ఈ పని చేయరాదు సుమా!

రెండు కొనల వద్దా బుడగలు లేచాయి. ఋణధ్రువం వైపు ఉదజని, ధనధ్రువం వైపు క్లోరిన్.

"ఉప్పులో సోడియం ఉందంటారే, అదేదిరా?" అన్నాము. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలో విద్యుత్తు పంపి ఆ లోహాన్ని వేరుచేశాడని చదివి ఉన్నాము మరి.

"నీళ్ళలో అది లోహంగా బయటపడదు తాతా. ఉదజని పోగా అక్కడ క్షారం మిగులుతుంది. కనిపెట్టే కాగితం బడిలో ఉంది, ఇక్కడ లేదు" అని ఒడియాలో చెప్పాడు.

పొయ్యి దగ్గరున్న మామ్మకు అందులో ఒక్క మాట చెవిన పడింది. క్షారం రెండు భాషలలోనూ క్షారమే గదా! "క్షారమైతే పసుపు వెయ్యరా నాన్నా. సున్నం తగిలితే పసుపు పారాణి కాదూ?" అన్నది.

చిటికెడు పసుపు వేశాము. ఋణధ్రువం చుట్టూ నీరు ఎర్రబడింది. రెండో కొన దగ్గర పసుపు రంగు వెలిసిపోసాగింది. అది క్లోరిన్ చేసిన పని.

ఆ వింతలో మేము వాన జల్లుకు మూసిన కిటికీ సంగతి మరచాము. ఘాటు వాసన కొట్టి పిల్లవాడు దగ్గాడు. 1915లో యుద్ధంలో మనుష్యుల మీదికి వదిలిన వాయువు అదే. పెద్దవారమై ఉండి ఏమరడం మా తప్పు. మామ్మే వచ్చి కిటికీ తెరిచి, బ్యాటరీ తీయించింది. గ్లాసులోనిది ఎవరూ ముట్టకుండా పారబోయించి, పైన బాగా నీళ్ళు పోయించింది.

దగ్గు తగ్గాక వాడు మా వైపు చూడలేదు. "మామ్మా, నిమ్మరసం పిండితే ఆ ఎరుపు మళ్ళీ పసుపవుతుందా?" అని తెలుగులోనే అడిగాడు.

"పిండి చూడు" అన్నది ఆమె.