వేటమాంసము

కోస్తాజిల్లాలలో అంగడియందు దొరకు మేకమాంసమును వేటమాంస మందురు. ఆ మేకను వేటాడినవా డెవ్వడును లేడు. అది గుంజకు కట్టబడి, వేసిన ఆకు తిని పెరిగినది. అయినను మాట నిలిచియున్నది. వేట యనగా కుండలోనికి కూర తెచ్చు పని యను తలంపు మన వాడుకలో నెంత లోతుగా నాటుకొన్నదో దీనివలన గ్రహింపవచ్చును. రాజులును జమీందారులును తెల్లదొరలును దానిని కొమ్ములకొఱకును చర్మములకొఱకును మార్చివైచిరి. పల్లెజనులు డప్పులు కొట్టుచు మృగమును తఱిమి తేగా, మంచెమీది ప్రభువు దానిని కాల్చి, కళేబరముపై కాలుమోపి ఛాయాపటము తీయించుకొనెడివాడు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మనదేశమున నా వినోద మడుగంటినది. అడుగంటుట మంచిదే.

అమెరికాలో కథ వేఱు విధముగా నడచినది. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటివారు అంగళ్లలో మాంస మమ్ముకొనుటకై జింకలను విచ్చలవిడిగా చంపి అడవులను పాడుపెట్టిరి. పిదప బుద్ధి తెచ్చుకొని, అడవిమృగము ప్రజలందఱి యాస్తి యనియు, దాని మాంసము నమ్మరాదనియు కట్టడి చేసికొనిరి. 1937లో చేసిన శాసనముచే పెద్దతుపాకులమీదను తూటాలమీదను నూటికి 11 వంతున వచ్చు పన్ను మృగసంరక్షణమునకే పోవుచున్నది. ఒకప్పుడు 5 లక్షలకు దిగిపోయిన తెల్లతోక జింకలు నేడు 3 కోట్లని యంచనా. కావున ఏటేట కొన్నిటిని తగ్గింపక తప్పదు. ఆ తగ్గించినది సామాన్యసంసారుల ఫ్రీజరులలోనికి చేరుచున్నది. డాలసు, హ్యూస్టను ప్రాంతములలో కాపురమున్న తెలుగువారిలోను, తక్కువ వ్యయముతో పెద్దమృగము దొరకు త్రోవ యేదని యడుగువా రున్నారు. మాంసభక్షణము తగునా తగదా యను వాదమును మే మిచ్చట నెత్తము. తినువారింటి జమాఖర్చులే మాకు కావలసినవి.

టెక్సాసున భూమి నూటికి 90 పాళ్లకు మించి సొంతదారులది. మృగము ప్రజలదే గాని గడప యజమానిది. రాష్ట్రమువారి వేటపత్రమునకు స్థానికుడు చెల్లించునది చాలకాలముగా 25 డాలర్లే. భూస్వామికీయవలసినదో, వందలును వేలును. ఆ వేలు దేనికని విచారించినచో, కొమ్ములకు! కొమ్ములను అంగుళములలో కొలిచి వెల కట్టుదురు. ఆడుజింకకు కొలుచుటకేమియు లేదు గనుక అది చవుక. గోడకు తగిలించుకొను కోరిక నొక్కదానిని విడిచినవాడు ఖర్చులో పెద్దభాగమును విడిచినట్లే. వసతిగృహము, వంటవాడు, దారిచూపువాడు సమకూర్చు ఏర్పాటులును కలవు. కూరకొఱకు పోవువానికి పరుపెందుకో మాకు తెలియదు. రాష్ట్రమువారు 48 డాలర్లకు మఱియొక పత్ర మిచ్చి, సుమారు 10 లక్షల యెకరములలో ప్రవేశమిచ్చుచున్నారు. బీదవాని వేటకు మేము మొదట చెప్పునది అదియే.

మనవారికి వింతగా తోచు సంగతి యొకటి కలదు. 1920, 1930 దశకములలో కింగ్ ర్యాంచివారు దక్షిణ టెక్సాసున మనదేశపు మనుబోతులను, అనగా హిందీవారి నీలగాయలను, విడిచిరి. 1932 ప్రాంతమున చుక్కలదుప్పులును కృష్ణజింకలును ఆ రాష్ట్రము చేరినవి. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగమైన కృష్ణజింకను మనయొద్ద చంపినవానికి చెఱసాల. టెక్సాసున అది పరదేశపు మృగమని యేడాది పొడవునను వేటాడనిత్తురు. మనుబోతు మనరైతులకును పైరు మేయు బెడదయే. 2016లో బీహారులోని మొకామాయొద్ద, హైదరాబాదునుండి రప్పించిన వేటగాండ్రచే రెండువందలకు పైగా మనుబోతులను కాల్పించిరి; దానిపై కేంద్రమంత్రులలోనే తగవు పుట్టినది. టెక్సాసున నదియే మృగము పశువులకు జ్వరము తెచ్చు పిడుదులను మోయును. అందుచే లగూనా అటాస్కోసా యను జాతీయ శరణాలయమునందే సామాన్యులకు దానిని వేటాడ ననుమతి గలదు. ఆడుమనుబోతు సైతము జింకకంటె నెంతో పెద్దది. ఒక్కటి దొరకిన చిన్నసంసారమునకు నెలల తరబడి చాలును.

ఇంక గృహిణి చూడవలసిన లెక్క. తుపాకి, ప్రయాణము, కసాయికూలి, ఫ్రీజరు వీని నొక్కటియు కలుపక, మాంసము ఊరక వచ్చినదని చెప్పుట మగవారి యలవాటు. 150 పౌనుల జింకకు ఎముకలేని మాంసము సుమారు 50 పౌనులు వచ్చును. అన్నియు కొనిన తొలియేట ఆ మాంసము అంగటి మేకమాంసముకంటె ప్రియము. కోయుట నేర్చుకొని, తుపాకిని పదియేండ్లు వాడినవానికే చవుక. ఫ్రీజరున ఘనపుటడుగునకు 35 పౌనులు పట్టునని కొలిచి, కొనుట తరువాత. మన పల్లెలలో వేటను కోసి పోగులు వేసినట్లు నాలుగిండ్లవారు పంచుకొనవచ్చును. ప్రయాణపుఖర్చు పంచుకొనుట వేఱు, మాంసమునకు వెలకట్టుట వేఱు. వెలకట్టినచో నేరము. 1971 సెప్టెంబరు 2 మొదలు పుట్టినవారు వేటపాఠము చదివి తీరవలెను. ఉద్యోగపు వీసామీద నున్నవారు వేటపత్రము లేకుండ తుపాకి నుంచుకొనుట కేంద్రశాసనమునకు విరుద్ధము. వేట పేరిట నుద్యోగమును కాపురమును పోగొట్టుకొనుటకంటె అంగటిమాంసమే చవుక.

పిల్లలున్న యింట మఱి రెండు జాగ్రత్తలు. సీసపుతూటా మాంసములో కంటికానని నలుసులుగా చెదరును. రాగితూటా వాడవలెను, గాయముచుట్టు మాంసము పాఱవేయవలెను. జింకలకు వచ్చు క్షీణవ్యాధి 2012లో టెక్సాసున బయటపడినది. అది మనుష్యులకు సోకిన దాఖలా లేదు గాని, పరీక్షలో వ్యాధి తేలిన జింకను తినవలదని వైద్యాధికారులు చెప్పుచున్నారు. పరీక్షాఫలము వచ్చువఱకు ఆ మూటలపై గుర్తు వ్రాసి విడిగా నుంచవలెను.

అచ్చటి యెండకు మాంసము త్వరగా చెడును. పడినచోటనే పొట్ట తీసి మంచులో పెట్టవలెను. వండుట కష్టము గాదు. కొవ్వు మిక్కిలి తక్కువ గనుక మేకమాంసమువలె తన నూనెలో తాను వేగదు. నూనె కొంచె మెక్కువ పోసి, తొడమాంసమైన త్వరగా దింపి, మెడయు కాళ్లును గోంగూరతో చిన్నమంటమీద మూడుగంటలు మగ్గనీయవలెను.