మన హాస్టల్లో లింకిన్ పార్క్

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదో ఒకటి రాయాలని తమ్ముళ్ళు అడిగారు. వార్డెన్ సార్ల గురించి, పప్పుచారు గురించి, పదో తరగతి స్టడీ అవర్ల గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఎవరూ రాయని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. 2003 నుంచి 2005 దాకా మన హాస్టల్లో ఒక అమెరికా రాక్ బ్యాండుకు పదిహేను మంది దాకా అభిమానులు ఉండేవారు. ఆ బ్యాండు పేరు లింకిన్ పార్క్.

ఈమధ్య ఆ బ్యాండు గురించి పాత ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళను చూస్తుంటాను. దాదాపు అందరూ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళే. గిటారు, ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టు, కంప్యూటర్లో ఎంపీత్రీ పాటలు... ఇవే వాళ్ళ కథలు. అవి అబద్ధమని నేననను. కానీ అదే కాలంలో అవే పాటలు ట్రంకు పెట్టెలు, చాపలు తప్ప మరేమీ లేని గదుల్లో కూడా మోగాయి. ఆ సంగతి ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి.

మాది పాలమూరు జిల్లా అని మీకు తెలుసు. అమ్మానాన్న హైదరాబాదుకు వలసపోయి ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉండేవాళ్ళు. నాన్న మేస్త్రీ కింద కూలి. అమ్మ జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. సెలవులు రాగానే నేను కోఠిలో 127కె బస్సెక్కి చెక్‌పోస్టు దగ్గర దిగి నడిచేవాణ్ణి. ఫిల్మ్‌నగర్ అంటే హీరోల ఇళ్ళు మాత్రమే అనుకుంటారు చాలామంది. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలివచ్చాక ఆ గుట్టల మీద స్టూడియోలు, బంగళాలు లేచాయి. వాటిని కట్టినవాళ్ళు, వాటిల్లో లైట్లు మోసేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు ఆ పక్కనే బండల మధ్య ఇళ్ళు వేసుకున్నారు. సెలవులైపోయి హాస్టలుకు రాగానే నన్ను అందరూ అడిగేది ఒకటే. "ఎవర్ని చూసినవ్‌రా?" ఎవర్నీ చూడలేదంటే నమ్మేవాళ్ళు కాదు. అద్దాలు మూసిన కార్లు చూశానంటే నవ్వేవాళ్ళు.

2003 దసరా సెలవుల్లో ఒకరోజు అమ్మకు తోడుగా ఆ ఇంటికి పోయాను. హాల్లో టీవీలో ఇంగ్లీషు పాటల ఛానెల్ నడుస్తోంది. ఆ ఇంటి అబ్బాయి నా ఈడువాడే, తొమ్మిదో తరగతి. అయినా అమ్మ అతన్ని "బాబూ" అని పిలిచేది. అతను అమ్మను "ఆంటీ" అనేవాడు, అది నాకు నచ్చింది. అప్పుడు టీవీలో "నంబ్" అనే పాట వచ్చింది. అందులో ఒక స్కూలు పిల్ల ఎప్పుడూ బొమ్మలు గీసుకుంటూ ఉంటుంది. తోటిపిల్లలు ఆమెను చూసి నవ్వుతారు. తినేచోట ఆమెతో ఎవరూ కూర్చోరు. పాటలో నాకు ఒక్క మాట అర్థం కాలేదు. బొమ్మలో అర్థం కానిది మాత్రం ఏమీ లేదు. నేను గుమ్మం దగ్గర నిలబడే చూశాను. పాట అయిపోయాక అతను అదే పాట సీడీలో మళ్ళీ పెట్టి, లోపలికి వచ్చి కూర్చోమన్నాడు.

బ్యాండు వివరాలు అతనే చెప్పాడు, మిగతావి తర్వాత నేను తెలుసుకున్నాను. కాలిఫోర్నియాలో 1996లో మొదలైంది. పాడే చెస్టర్ బెన్నింగ్టన్ 1999లో వచ్చి చేరాడు. అంతకుముందు అతను బర్గర్ కింగ్ అనే హోటల్లో పనిచేశాడు, స్కూల్లో తోటిపిల్లల చేతిలో దెబ్బలు తిన్నాడు. ర్యాప్ చెప్పే మైక్ షినోడా తండ్రివైపు వాళ్ళు జపాన్ నుంచి వచ్చినవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం వాళ్ళ కుటుంబాన్ని కూడా మిగతా జపానువాళ్ళతో పాటు క్యాంపులో పెట్టింది. మొదటి ఆల్బమ్ "హైబ్రిడ్ థియరీ" 2000 అక్టోబరులో వచ్చింది. ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడుపోయింది. "నంబ్" ఉన్న "మెటియోరా" 2003 మార్చిలో వచ్చింది.

సెలవులు అయిపోయే ముందు అతను రెండు సీడీలూ ఇచ్చాడు. కృష్ణానగర్‌లో ఒక రికార్డింగ్ షాపులో ఖాళీ కేసెట్ కొని నింపించుకున్నాను. ఏ సైడు "ఒక్కడు", "సింహాద్రి" పాటలు. బి సైడు లింకిన్ పార్క్. తమాషా ఏమిటంటే, ఆ గుట్ట మీద తయారయ్యే సినిమాలకు మన హాస్టలంతా ప్రాణమిచ్చేది. ఆ గుట్ట మీద పుట్టి పెరిగిన ఈ అబ్బాయి చెవులు మాత్రం అమెరికాలో ఉన్నాయి.

హాస్టల్లో టేప్ రికార్డర్ వంట తాతది. ఆదివారం బట్టలు ఉతికి ఆరేశాక ఇచ్చేవాడు. మొదటిసారి బి సైడు పెట్టినప్పుడు నన్ను కొట్టినంత పని చేశారు. "కుక్కలు మొరిగినట్టుంది, తీసెయ్‌రా" అన్నారు. "తమ్ముడు" సినిమాలో ఇంగ్లీషు పాట విన్నవాళ్ళే, కానీ అది పవన్ కల్యాణ్ పాట కాబట్టి సరిపోయింది. నెల తిరిగేసరికి బి సైడే ఎక్కువ అరిగింది. మైక్ ర్యాప్ ఎవరికీ నోరు తిరగలేదు. చెస్టర్ గొంతెత్తి అరిచేచోట మాత్రం అందరం కలిసేవాళ్ళం. మా ఊళ్ళో చిందు భాగోతం ఆడేవాళ్ళు రాత్రి రెండు గంటలప్పుడు కూడా ఊరు లేచేలా గొంతు తీసేవాళ్ళు. అలాంటి గొంతు విన్నవాళ్ళకు ఈ గొంతు కొత్తేమీ కాదు.

"నంబ్" అంటే ఏమిటో ఒక సీనియర్ అన్న డిక్షనరీలో చూసి చెప్పాడు. తిమ్మిరెక్కడం. స్టడీ అవర్లో రెండు గంటలు కింద కూర్చుంటే కాలికి వస్తుంది చూడండి, అది. ఆ రోజు నుంచి మన హాస్టల్లో ఎవరికి కాలు తిమ్మిరెక్కినా "నంబ్ అయిందిరా" అనేవాళ్ళు.

పాట మొత్తం అర్థం ఆ తర్వాతి వేసవిలో ఆ ఇంటి అబ్బాయినే అడిగాను. నువ్వు ఇలా ఉండాలి, నాలాగే కావాలి అని పెద్దవాళ్ళు మీద పెట్టే బరువు మోయలేక పాడే పాట అని చెప్పాడు. వాళ్ళ నాన్న అతన్ని ఐఐటీ కోచింగులో వేశాడు, అతనికేమో గిటారు కావాలి. 2006లో "బొమ్మరిల్లు" చూసినప్పుడు నాకు అతనే గుర్తొచ్చాడు. అప్పుడు నేనొకటి ఆలోచించాను. మన మీద అలాంటి బరువు ఎవరు పెట్టారు? అమ్మానాన్న తప్ప మన నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు. పదో తరగతి తప్పుతామనే అనుకున్నారు. అతని తిమ్మిరి ఎక్కువ ఆశల వల్ల వచ్చింది, మనది అసలు ఆశలే లేకపోవడం వల్ల. ఒకే పాట రెండింటికీ ఎలా సరిపోయిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అతని బాధ చిన్నదని కూడా అనలేను. కానీ ఆ పాట అతనిదే, మేం పక్కనుంచి విన్నాం అంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే మా గదిలో ఒకడు ఉండేవాడు. పేరు రాయను, మా బ్యాచివాళ్ళకు తెలుసు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రెండుసార్లు హాస్టల్ నుంచి పారిపోయి, రెండుసార్లూ వాళ్ళ మేనమామ తీసుకొచ్చి దింపితే వచ్చాడు. రాత్రి దుప్పటి కింద ఏడ్చేవాడు. మేం విననట్టు పడుకునేవాళ్ళం. అతని గొంతు గట్టిగా విన్నది ఆదివారాలు ఆ పాట దగ్గరే. ఒకసారి టేపు ఆగిపోయినా అతను అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. పదో తరగతి పాసయ్యాడు, ఇప్పుడు టీచరు.

2017 జూలై 20న చెస్టర్ బెన్నింగ్టన్ ఆత్మహత్య చేసుకున్నాడు. 41 ఏళ్ళు. మనకు వార్త తెల్లవారి అందింది. మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండవు. ఆ రోజు మాత్రం డ్రైవరుగా పనిచేసేవాడు, ఎరువుల దుకాణం వాడు, మండలాఫీసులో ఉన్నవాడు, అందరూ ఆ కేసెట్ గురించే రాశారు. సాయంత్రం ఆ టీచరు ఫోన్ చేశాడు. పన్నెండేళ్ళ తర్వాత అదే మొదటిసారి. చెస్టర్ గురించి రెండు నిమిషాలు మాట్లాడి, తర్వాత గంటసేపు హాస్టల్లో తనకు జరిగినవి చెప్పాడు. అవి ఇక్కడ రాసేవి కావు. "అప్పుడు మీరు మేలుకునే ఉండేటోళ్ళు కదా?" అని అడిగాడు. అవునన్నాను. "నాకు తెలుసు" అన్నాడు.

2024 సెప్టెంబరులో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆవిడను తీసుకుని బ్యాండు మళ్ళీ మొదలైంది. నవంబరులో కొత్త ఆల్బమ్ కూడా వచ్చింది. చెస్టర్ లేకుండా వినబోమని మావాళ్ళలో సగం మంది అన్నారు. నేను విన్నాను, బాగానే పాడుతోంది. లింకు టీచరుకు పంపాను. తన స్కూలు పిల్లలకు వినిపించాడట. కుక్కలు మొరిగినట్టుంది సార్ అన్నారట వాళ్ళు.