శారదను చదివారా?

నవలాకారుడు శారద పేరు ఎత్తితే చాలు, మా గుంటూరు, తెనాలి సభల్లో వక్తల గొంతు పూడుకుపోతుంది. హోటల్లో బల్లలు తుడిచాడు, ప్లేట్లు కడిగాడు, మూర్ఛరోగంతో బాధపడ్డాడు, ముప్పయ్యేళ్లకే పోయాడు. అన్నీ నిజాలే. అరగంట సేపు అవే చెప్పి, శాలువా కప్పించుకుని దిగిపోతారు. ఆయన నవలల్లో ఒక్క అధ్యాయం గురించి గానీ ఒక్క పాత్ర గురించి గానీ మాట రాదు. మొన్న అలాంటి సభ నుంచి బయటికొస్తుంటే ఒళ్లు మండింది. రాత్రి అన్నం తిన్నాక కూడా ఆ మంట తగ్గలేదు.

నటరాజన్ అనే తమిళ కుర్రాడు 1937లో తెనాలి వచ్చేసరికి పన్నెండేళ్లవాడు. తెలుగు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. 1955లో కన్నుమూసేలోగా ‘మంచీ-చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ నవలలూ, కథలూ శారద అన్న పేరుతో తెలుగులో రాశాడు. ఆ పద్దెనిమిదేళ్లలో ఏం జరిగిందన్నదే నాలాంటి నవలాకారుడికి కావలసిన సంగతి. జరిగింది చదవడం. దొరికిన పుస్తకమల్లా, పని ముగిశాక, నిద్ర మానుకుని చదవడం. అప్పటి తెనాలి అందుకు తగిన ఊరు. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు, శరత్‌బాబు నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసిన చక్రపాణి ఊరు, నాటకాల ఊరు, అచ్చాఫీసుల ఊరు. ఆ వీధుల్లో ఆకలి ఎంతమందికి లేదు? హోటళ్లలో ఎంతమంది కుర్రాళ్లు ఎంగిలి ప్లేట్లు తీయలేదు? వాళ్లలో నవలలు రాసినవాడు చదివినవాడే. శారదతోపాటు హోటలు పని చేసిన మిత్రుడు ఆలూరి భుజంగరావు ఆ తర్వాత ఆయన జీవితకథ రాస్తూ ‘సాహిత్య బాటసారి శారద’ అని పేరు పెట్టాడు. అందులో బాటసారి అన్న మాటే నాకిష్టం. బాటసారి నడుస్తాడు, అంతే. కాళ్లకు బొబ్బలెక్కాయని లోకానికి చెప్పుకోడు.

నవల రాయాలని ఉందండీ, టైమే దొరకడం లేదండీ అంటూ మా ఇంటికొచ్చే పిల్లలకు నేను శారద పేరే చెబుతాను. కష్టపడమని చెప్పడానికి కాదు. ముందు ఆయన నవల ఒకటి చదివి రమ్మంటాను. సగం మంది తిరిగి రారు. వచ్చినవాళ్లతో మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడతాను. కథ ఒక ఊపులో వచ్చేస్తుంది. నవల అలా రాదు. అందులో మనుషుల్ని నెలల తరబడి మనసులో మోయాలి. వాళ్ల అప్పులూ అలకలూ మన సొంతవాళ్లవిలా గుర్తుండాలి. నేనైతే కూర్చున్న ప్రతిసారీ వెనకటి అధ్యాయం పైకి చదువుకుంటాను. చెవికి ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ కొట్టేస్తాను. ఆ తర్వాతే కొత్త వాక్యం.

చెవి అంటే గుర్తొచ్చింది, ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ నవల రాసింది జైల్లో. 1922లో అచ్చయింది, సర్కారు నిషేధించింది. అందులోని రామదాసు, సంగదాసు, వెంకటదాసు ఈ నేల మనుషులు, మాట్లాడేదీ ఈ నేల మాటే. జైలు గోడల మధ్య కూర్చున్న మనిషికి ఆ మాట అంత తేటగా వినబడిందంటే, బయట ఉన్నప్పుడు ఎంత చెవి పెట్టి విన్నాడో! మా జిల్లా నవలలకు నిషేధం కొత్తేమీ కాదు. చేబ్రోలులో పుట్టిన వాసిరెడ్డి సీతాదేవిగారి ‘మరీచిక’నూ 1982లో నిషేధించారు, హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

సీతాదేవిగారి పేరు వచ్చింది కాబట్టి అద్దె పుస్తకాల దుకాణం గురించి చెప్పాల్సిందే. గుంటూరు అరండల్‌పేటలో మా వీధి చివర ఉండేది. రోజుకింతని అద్దె. రెండో రోజు పడితే రెండింతలు. అందుకని తెల్లారేసరికి నవల అయిపోవాల్సిందే. ఖాకీ అట్ట, పిన్నులు కొట్టిన వీపు, మూలలు నలిగి మెత్తబడ్డ కాగితం. ఆడవాళ్లు తాము చదివిన పుస్తకం మళ్లీ తెచ్చుకోకుండా ఒక పేజీ మూలన గుర్తు పెట్టుకునేవాళ్లు. ఒకావిడ చిన్న నక్షత్రం, ఒకావిడ రెండు గీతలు. పుస్తకం తీయగానే నేను కథకంటే ముందు గుర్తులే లెక్కపెట్టేవాణ్ని. సీతాదేవిగారి ‘మట్టిమనిషి’ నిండా గుర్తులే. ఎకరం పక్కన ఎకరం చేర్చుకుంటూ పోయే సాంబయ్య, ఆ పొలాన్నీ మొగుణ్నీ వదిలించుకుని పట్నపు మెరుపుల వెంట పోయే కోడలు వరూధిని... ఒక రాత్రి అది చదివి, పొద్దున్నే ప్రత్తిపాడు నుంచి వచ్చిన మా పెదనాన్నను చూస్తే సాంబయ్య గడపలో నిలబడ్డట్టే అనిపించింది. ఆయన మాట్లాడుతుంటే మొదటిసారి చెవి పెట్టి విన్నాను. ఆ దుకాణం లేకపోతే నేను నవలాకారుణ్ని అయ్యేవాణ్ని కాదు. ఈ మాట ఎక్కడైనా, ఎన్నిసార్లైనా చెబుతాను. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. ఆ గుర్తుల పుస్తకాలు ఏ తూకానికి పోయాయో.

వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం మాత్రం ఇంకా తలుపులు తెరిచే ఉంది. గాంధీగారి చేతికర్రను అక్కడ దాచారు. జనం అది చూడ్డానికి వెళ్తారు. నేను పాత పత్రికల కట్టల కోసం వెళ్తాను. అప్పటి పత్తి ధరలు, ధాన్యం ధరలు, పెళ్లి ప్రకటనలు, దావా నోటీసులు అన్నీ నవలకు పనికొచ్చే సరుకే.

ఇప్పుడు రాస్తున్నది మిర్చి యార్డు నవల. కమీషన్ దుకాణం గుమాస్తా కుదిరాడు, హమాలీ మేస్త్రీ కుదిరాడు. తొడిమలు తీసే ఆడవాళ్ల అధ్యాయమే లొంగడం లేదు. కాయ ఘాటుకు చేతులు మండుతుంటే రాత్రి అన్నం ఎలా కలుపుకుంటారు? పాలు తాగే పిల్లను ఎవరు ఎత్తుకుంటారు? ఇవి ఇంట్లో కూర్చుంటే తేలవు. వేసవి సెలవులకు యార్డు మూసేస్తే కూలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. ఆలోగా, టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఇంకా వస్తుండగానే, వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోవాలి.