దెబ్బ తెలియని కవచం

మా అబ్బాయికి పదహారేళ్లు. ఇంట్లో ఉన్నంతసేపూ వాడి గది తలుపు మూసే ఉంటుంది. ఏమడిగినా ‘ఊఁ’, ‘ఊహూఁ’... అంతే. అలాంటివాడు పోయినేడాది ఫిబ్రవరిలో ఓ శనివారం రాత్రి వచ్చి సోఫాలో నా పక్కన కూర్చున్నాడు. “డాడీ, రేపు ఎయిర్‌సాఫ్ట్‌కి వస్తావా? మా టీమ్‌లో ఒకరు తక్కువయ్యారు” అన్నాడు. నాకు నలభై ఏడేళ్లు. నడుం నొప్పి ఉంది. ఆ ఆటేమిటో కూడా సరిగ్గా తెలీదు. అయినా వాడు పిలవడమే పదివేలనుకుని ‘వస్తా’ అనేశాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. ఊరు దాటాక ఓ గంట ప్రయాణంలో ఉంది మైదానం. పాత టైర్లు, చెక్క గోడలు, పొదలు. అసలు తుపాకుల్లా కనిపించే బొమ్మ తుపాకులతో రెండు జట్లు అక్కడ తలపడతాయి. తుపాకీ చట్టాలు చాలా గట్టిగా ఉండే జపాన్‌లో 1970లు, 80లలో పుట్టిన ఆట ఇది. గుండు అంటే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస. బరువు 0.20 గ్రాములో, 0.25 గ్రాములో ఉంటుంది. చిన్నదే కదా అనుకోకండి. సెకనుకి 350 అడుగుల వేగంతో వచ్చి తగిలితే చర్మం మీద ఎర్రటి మచ్చ పడుతుంది. కంటికి తగిలితే కన్నే పోవచ్చు.

ఆటలో ఉన్న ఒకే ఒక్క పెద్ద నియమం చెప్తాను. పూస తగిలితే మీరే చెయ్యెత్తి ‘హిట్’ అని అరవాలి. నెత్తిన ఎర్రగుడ్డ వేసుకుని బయటికి నడవాలి. అంపైరు చూసి చెప్పేది కాదు. తగిలిందని తెలిసేది మీకే, ఒప్పుకోవాల్సిందీ మీరే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మొదటి రోజు అద్దె మాస్కు, అద్దె తుపాకీతో ఆడాను. ఒళ్లు హూనమైంది గానీ, తిరిగొచ్చేటప్పుడు కారులో మా వాడు గంటసేపు ఆపకుండా మాట్లాడాడు. గంటసేపు! ఆ రాత్రే కంప్యూటర్ ముందు కూర్చుని నాక్కావలసిన సరంజామా ఆర్డర్ పెట్టేశాను. అక్కడే తప్పు చేశాను. నాకేం కావాలో చూసుకోలేదు, సినిమాల్లో కమాండోలు ఏం వేసుకుంటారో అదే కొన్నాను.

వచ్చిన పెట్టెలో ముఖ్యమైనది ప్లేట్ క్యారియర్. ముందొకటి, వెనకొకటి పలకలు పట్టే చొక్కా అనుకోండి. అసలు సైనికుల దాంట్లో సిరామిక్ పలకలుంటాయి. మీడియం సైజు పలక వెడల్పు 9.5 అంగుళాలు, ఎత్తు 12.5 అంగుళాలు. కొత్త రకాలైతే ఒక్కోటీ రెండున్నర కిలోల దాకా తూగుతుంది. నావి బొమ్మ పలకలే. కానీ ‘అసలు బరువు ఫీలింగ్’ ఉంటుందని రాస్తే మోజుపడి బరువైనవే కొన్నాను. దానికి ఎనిమిది మ్యాగజైన్లు, మూడు లీటర్ల నీళ్ల సంచి, రేడియో, ఎందుకో నాకే తెలియని మరో మూడు పౌచులు తగిలించాను. బాత్రూమ్ కాటా మీద పెట్టి చూస్తే పదకొండు కిలోలు. ఇండియా ఫ్లైటులో క్యాబిన్ బ్యాగు ఏడు కిలోలు దాటితే కౌంటర్ దగ్గర గొడవ పడతాం కదా, నేను అంతకు నాలుగు కిలోలు ఎక్కువే ఒంటికి కట్టుకున్నాను. మా ఆవిడ చూసి “పండక్కి బూజు దులపమంటే నడుం నొప్పి అంటావు కదా?” అంది. నేను వినబడనట్టు ఊరుకున్నాను.

ఆ ఆదివారం నాయినకి వీడియో కాల్‌లో ఆ వేషం చూపించాను. మాది భువనగిరి దగ్గర ఊరు. నాయిన ముప్పై ఏళ్లు తాళ్లెక్కినవాడు. ఫోన్ దగ్గరికి ముఖం పెట్టి చూసి, “ఇదేంది కొడకా, మిలిట్రీల చేరినవా?” అని నవ్వాడు. తర్వాత నవ్వాపేసి, “గింత బరువు బుజాల మీదేసుకున్నవేంది? చేతులెట్ల ఆడ్తయ్?” అన్నాడు. ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

ఏప్రిల్‌లో, బాగా ఎండగా ఉన్న రోజు జరిగింది అసలు సంగతి. రెండో ఆటకే చొక్కా తడిసి ముద్దయింది. భుజాల పట్టీలు మెడ పక్కన కోస్తున్నాయి. ఛాతీ మీద మ్యాగజైన్లు రెండు వరసలుగా పెట్టుకున్నానేమో, బోర్లా పడుకుంటే తాబేలుని వెనక్కి తిప్పినట్టుంది. మూడో ఆటలో ఓ చెక్క గోడ వెనక చేరి కదలకుండా కూర్చున్నాను. అవతలి జట్టులో ఇరవై ఏళ్ల కుర్రాడొకడు నా వైపు మూడుసార్లు కాల్చాడు. నాకేమీ తగల్లేదు. నేను కాల్చిన పూస మాత్రం వాడికి తగిలింది. వాడు చెయ్యెత్తి బయటికి నడిచాడు. నాకు భలే గర్వంగా అనిపించింది.

ఆట అయ్యాక ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. మర్యాదగానే, “సర్, మీకు తగిలినా ఒప్పుకోవట్లేదు” అన్నాడు. నాకు కోపమొచ్చింది. “తగిలితే చెప్పనా?” అన్నాను. వాడు తన తుపాకీకి బిగించిన కెమెరా తీసి చూపించాడు. తెల్లటి పూసలు ఒకటి, రెండు, మూడు... వరసగా నా ఛాతీ పలకకి తగిలి ఎగిరిపోవడం స్పష్టంగా కనిపిస్తోంది. నాకు తెలియలేదంటే తెలియలేదు. గట్టి పలక, దాని మీద మందపాటి గుడ్డ, దాని మీద మ్యాగజైన్లు. పావు గ్రాము పూస వచ్చి తగిలితే ఒంటికేం తెలుస్తుంది? పక్కనే మా వాడున్నాడు. వాడు నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు. క్షమించమని ఆ కుర్రాడికి చెప్పాను. వాడు పర్లేదన్నాడు. మా వాడు మాత్రం ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం ఆడే మైదానంలో కవచానికి విలువే లేదు. పూస పలకకి తగిలినా, చేతికి తగిలినా, బూటుకి తగిలినా అవుటే. అంటే నేను వేసుకున్న కవచం నన్ను దేన్నించీ కాపాడలేదు. పైగా తగిలిన సంగతి నాకే తెలియకుండా చేసింది. మా వాడి ముందు నన్ను అబద్ధాలకోరుని చేసింది.

మర్నాడు సామానంతా గరాజ్‌లో పరిచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆడేవాళ్లని అడిగాను, ఒంటిని కూడా అడిగాను. మీలో ఎవరికైనా, మీ పిల్లలకైనా ఈ సరదా ఉంటే పనికొస్తుందని ఆ లెక్క చెప్తున్నాను.

మొదటి డబ్బు ముఖానికి. కళ్లద్దాలకి ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87.1 ప్రమాణం ముద్ర ఉండాలి, చుట్టూ సందు లేకుండా మూసుకోవాలి. మూతికి అడ్డం జాలీ మాస్కు ఉండాలి. ఈ ఆటలో పళ్లు విరిగినవాళ్లున్నారు. నేను ప్లేట్ క్యారియర్‌కి పెట్టిన దాంట్లో పావు వంతు కూడా మొదట వీటికి పెట్టలేదు. నిజమైన కవచం ఇదొక్కటే.

రెండోది బరువు ఎక్కడుండాలి అన్నది. మ్యాగజైన్లు, ఖాళీవి వేసుకునే సంచి, అన్నీ నడుముకే మార్చాను. బెల్టు రెండు పొరలుగా ఉన్నది తీసుకోండి. లోపలి పొర ప్యాంటు లూపుల్లోంచి వెళ్తుంది, పైది వెల్‌క్రోతో దానికి అతుక్కుంటుంది. పరుగెత్తినా జారదు, పైకి లేవదు. తుంటి ఎముకలు బరువు మోసినట్టు భుజాలు మోయలేవు.

మూడోది, ఛాతీకి ఏదో ఒకటి కావాలనిపిస్తే చెస్ట్ రిగ్ చాలు. అది పలకల్లేని, వీపు తెరిచి ఉండే తేలికపాటి పట్టీ. దాని మీద, క్యారియర్ల మీద కూడా అడ్డంగా అంగుళం వెడల్పు పట్టీలు వరసగా కుట్టి ఉంటాయి. దాన్ని మోలీ అంటారు. అమెరికా సైన్యం 1990ల చివర్లో తెచ్చిన పద్ధతి. పౌచులు ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించుకోవచ్చు. వచ్చిన చిక్కేమిటంటే, ఖాళీ కనబడితే మన చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి తగిలిస్తుంది. నేనిప్పుడు ఒక్క వరసలో మూడే పెట్టుకుంటాను. ఒక్కో మ్యాగజైనులో వందకి పైగా పూసలు పడతాయి. ఒక ఆటకి ఎనిమిది ఎందుకండీ?

ప్లేట్ క్యారియర్ ముచ్చట తీరనివాళ్లు తేలికైన ఫోమ్ పలకలు వేసుకోవచ్చు. కానీ ఎక్కడ ఉండాలో చూసుకోండి. ముందు పలక పైఅంచు రెండు కాలర్ ఎముకల మధ్య గుంట దగ్గరికి రావాలి. గుండెకి, ఊపిరితిత్తులకి అడ్డంగా ఉండేది అది. నేను పొట్ట దాక్కుంటుందని నాలుగంగుళాలు కిందికి దించాను. అందుకే వంగిన ప్రతిసారీ తొడకి తగిలి, పైకి తన్ని, గొంతుకి గుచ్చుకునేది.

ఇక కొనేముందు, ఆటలో వేసుకునే బట్టల మీదే తొడిగి చూడండి. రెండు చేతులూ పైకెత్తండి. గొంతుక్కూర్చోండి. బోర్లా పడుకోండి. తుపాకీ భుజానికి ఆనించి గురి చూడండి, పట్టీ అడ్డమొస్తోందేమో తెలుస్తుంది. చివర్లో దీర్ఘంగా ఊపిరి పీల్చండి. పక్క పట్టీలు బిగుసుకుంటే ఎండలో అరగంట కూడా నిలబడలేరు. గుడ్డ విషయానికొస్తే, 1000 డెనియర్ కార్డ్యూరా గట్టిదే గానీ బరువు. వారానికో రెండు వారాలకో ఆడే మనకి 500 చాలు. నీళ్లు మాత్రం తగ్గించకండి. లీటరు నీళ్లు కిలో బరువు, నిజమే. అందుకే ఒంటి మీద లీటరు పెట్టుకుని, మిగతావి బెంచీ దగ్గర ఉంచుతాను.

ఇంకో మాట, ఇది సౌకర్యం గురించి కాదు. ఈ సరంజామా ఏదీ మైదానం బయట ఒంటి మీద ఉండకూడదు. తుపాకీ సంచిలో, సంచి డిక్కీలో. దాని మూతికున్న నారింజ రంగు తీసెయ్యకూడదు. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు మా వాడు బెల్టుతోనే దిగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే నల్లజాతి పిల్లాణ్ని పోలీసులు కాల్చి చంపారు. వాడి వయసు 12 ఏళ్లు. వాడి దగ్గరున్నది ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ, దాని నారింజ మూతి ఊడిపోయి ఉంది. గోధుమరంగు ఒంటితో ఇక్కడ పెరుగుతున్న కొడుకుకి ఈ సంగతి చెప్పకుండా తుపాకీ బొమ్మ ఎలా చేతికివ్వను? చెప్పాను. విన్నాడు. ‘ఊఁ’ అన్నాడు. ఆ ‘ఊఁ’ వేరే రకంగా ఉంది.

మే నెలలో నాయినకి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి బెల్టు చూపించాను. “ఇప్పుడు సక్కగున్నది. మోకు నడుముకే, ముస్తాదు నడుముకే. కత్తులు, లొట్టి... అన్నీ నడుముకే. బుజం మీద బరువుంటే చెట్టెక్కుడు కాదు” అన్నాడు. నేను మొదట కొట్టిపారేసిన మాటే, నెల రోజులూ కొన్ని వందల డాలర్లూ పోయాక వచ్చి చేరాను దాని దగ్గరికి. మా వాడు నా భుజం మీదుగా తొంగిచూసి, “ముస్తాదు అంటే ఏంటి తాతా?” అని అడిగాడు. నాయిన లేచి, కాలు ఈడ్చుకుంటూ వెళ్లి, గోడకి వేలాడుతున్న దాన్ని తెచ్చి చూపించాడు.

ఆ కాలు 1995లో పోయింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. తాటిచెట్టు మీద నాయిన ఒంటికి రక్షణ ఏదైనా ఉందంటే ఆ మోకొక్కటే. తుంటి విరిగాక మళ్లీ చెట్టెక్కలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, “మాకాలంల లేకపాయె” అని ఒక్క మాటే అన్నాడు. కవచం అవసరమైనవాడికి కవచం దొరకలేదు. ఆయన కొడుకు మాత్రం ప్లాస్టిక్ పూసలకి భయపడి పదకొండు కిలోలు కట్టుకున్నాడు. అది తలుచుకుంటే నాకు సిగ్గనిపించింది. నాయినకి చెప్పలేదు, మా వాడికి మాత్రం ఆ రాత్రే చెప్పాను. తాత ఎలా పడ్డాడో వాడికి అప్పటిదాకా తెలీదు.

ఆ తర్వాతి ఆదివారం నా సామానంతా కలిపి నాలుగు కిలోలు. రెండో ఆటలో పొద వెనక నుంచి లేస్తుంటే డొక్కలో చురుక్కుమంది. చెయ్యెత్తి ‘హిట్’ అని గట్టిగా అరిచాను. నెత్తిన ఎర్రగుడ్డ వేసుకుని నడుస్తుంటే, అవతల గోడ వెనకున్న మా వాడు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఇంటికొచ్చి చొక్కా తీస్తే రూపాయి బిళ్లంత మచ్చ. మా ఆవిడ ఐసు ముక్క తెచ్చి, “అంత ఖర్చు పెట్టి కొన్న ఆ కవచం ఉంది కదా, అది వేసుకోకపోయావా?” అంది. “దాన్ని అమ్మకానికి పెట్టేశాం అమ్మా” అన్నాడు మా వాడు. ఆ సాయంత్రం వాడి గది తలుపు తీసే ఉంది.