పులియబెట్టు పెట్టె

మన వంటయిండ్లలో పులియుట నిత్యము జరుగు పనియే. రాత్రి తోడువేసిన పాలు తెల్లవారునప్పటికి గట్టి పెరుగగును. రుబ్బియుంచిన యిడ్డెనల పిండి పొంగి గిన్నె యంచుల నందుకొనును. ఎండకాలమున మిక్కిలి పులిసిపోవునని గిన్నెను చన్నీళ్ల పళ్లెములో నుంచుదుము. చలికాలమున పులియదని పొయ్యి ప్రక్కకు జేర్చి గుడ్డ చుట్టుదుము. ఈ యుపాయమునే విద్యుత్తుతో నడుచు పెట్టెగా నమర్చి, నా కుమారుడు బీరు కాచుటకు వాడుచుండగా జూచితిని. అందువలన నాకు గలిగిన యాలోచనలను సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

మద్యమన్న నాకు గల యేవగింపు నేటిది కాదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన వార్త మా యూరికి వచ్చినప్పుడు, మా వీధివారితో గూడి నేనును సారా బండి కడ్డముగా నిలిచితిని. కూలిడబ్బు సాయంకాలమునకే సారా పాలగుటచే పొయ్యి వెలుగని యిండ్లను నే నెఱుగుదును. మా రాష్ట్రమున 1993లో సారాను, 1995లో మద్యము నంతటిని నిషేధించిరి; 1997లో మద్యనిషేధమును సడలించిరి. అట్టి నాకు, అమెరికాలోని మిన్నెసోటాలో కుమారుని యింటికి బోయినప్పుడు, కారు షెడ్డులో బీరు పులియుచు గానవచ్చిన నెట్లుండును?

"ఇది నేరము గాదా, నాయనా?" అని యడిగితిని.

"ఈ దేశమున గాదమ్మా" అనెను. 1978లో జేసిన చట్టము ప్రకారము ఇద్దరు పెద్దవారున్న యింట ఏటికి 200 గ్యాలనుల వఱకు సొంతమునకు గాచుకొనవచ్చునట, అమ్మరాదట. మన రాష్ట్రములలో లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము గనుక, దీనిని జదివి యెవ్వరును అనుకరింపరాదు.

ఆ పెట్టె నిజమునకు పాత ఫ్రిజ్. లోపలి యఱలు తీసివేసి, 19 లీటర్ల పాత్ర నందుంచినాడు. మొలకెత్తించి యెండబెట్టిన బార్లీ గింజల రసమును హాప్సు పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పాత్రలో బోయుదురు. ఈస్టు తీపిని దిని మద్యమును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. ఆ వాయువు నీరు నింపిన చిన్న గొట్టము గుండ బుడబుడమనుచు వెలికి బోవును. వెలుపల థర్మోస్టాటు ఒకటి కలదు. దానికి రెండు ప్లగ్గులు: ఒకటి ఫ్రిజ్‌కు, రెండవది లోపలి వేడి పట్టీకి. 19 డిగ్రీలని నిర్ణయించినచో, వేడి హెచ్చిన ఫ్రిజ్ నడుచును, తగ్గిన పట్టీ వెచ్చనగును. మంచు గడ్డకట్టు ఆ షెడ్డులో శీతకాలమంతయు పట్టీకే పని.

ఇంత చేసియు బీరు ఘాటుగా వచ్చుచున్నదని వాడు విచారపడుచుండెను. చూడగా, వేడిమి గొలుచు తీగ గాలిలో వ్రేలాడుచుండెను. "పిండి వెచ్చదనము తెలియవలెనన్న గిన్నెను దాకి చూతుము గాని గదిలోని గాలిని జూడము గదా" యంటిని. పులియు వస్తువు తానే వేడి పుట్టించును. చుట్టునున్న గాలికంటె పాత్రలోని రసము మూడు నాలుగు డిగ్రీలు హెచ్చుగా నుండవచ్చును. వాడు తీగను పాత్ర ప్రక్కకు అంటించి, మందపు గుడ్డ మడతతో గప్పెను. వేడి మీఱినచో ఈస్టు ఘాటైన పదార్థములను బుట్టించునని అప్పుడు నాకు వివరించెను.

వేడిమి నదుపుచేయుట బీరు కాచువారికి తరతరముల చింతయట. బవేరియాలో వేసవి బీరు చెడుచున్నదని 1553లో ఆ కాలమున గాచుటనే ప్రభువు నిషేధించెను. 1870ల దశాబ్దమున కార్ల్ ఫన్ లిండె శీతలయంత్రమును మ్యూనిక్ బీరు కర్మాగారమున నెలకొల్పిన పిమ్మట ఆ చిక్కు తీఱెను. అంతకు బూర్వము, మధ్యయుగపు ఇంగ్లండున, ఇండ్లలో బీరు గాచినవారు చాలవఱకు స్త్రీలే యని విని యాశ్చర్యపడితిని.

అయినను నా మనసు కుదుటపడలేదు. "నీ పెట్టె 19 దాటగనే తన్ను దాను నిలుపుకొనును. త్రాగువానికి అట్టి మీట యెక్కడనున్నది, నాయనా?" అని యడిగితిని. వాడు మాటాడలేదు. కోడలు తలవంచుకొని వినుచుండెను. ఆఱేండ్ల మనుమరాలు ప్రక్కగదిలో నాడుకొనుచుండెను.

మఱునాడు వాడే లెక్క చెప్పెను. ఒక్కసారి కాచిన సుమారు 50 సీసాలు. వారమునకు రెండు సీసాలకు మించరాదన్న, అవి ఆఱునెలలు వచ్చును. కావున ఏటికి రెండుసార్లే కాచునది. సీసాలున్న బీరువా తాళము కోడలి చేత నుండును. "ఈ మాట తప్పినచో, అత్తయ్యా, నేనే మీకు వ్రాసెదను" అని కోడలు నవ్వుచు ననెను గాని, ఆ నవ్వులో నిశ్చయము గలదు.

నేను బీరును మెచ్చుకొనలేదు, మెచ్చుకొనను. కాని దూరదేశమున నున్న బిడ్డలను కోపించి విడుచుటకంటె, వారి పనిని కన్నులార జూచి, హద్దు నేర్పఱపించుట మేలని నా యభిప్రాయము. ఆ హద్దును వారి నోటనే పలికింపవలెను. అది నిలుచుటకు ఇంటి యిల్లాలి చేతిలో నధికార ముండవలెను.

బీరు పులియుటకు రెండు వారములు చాలును. ఏటికి రెండుసార్లన్న నాలుగు వారములు మాత్రమే. తక్కిన 48 వారములు ఆ పెట్టె కోడలిది. 30 డిగ్రీల కడ నుంచిన, మిన్నెసోటా మంచులో సైతము ఇడ్డెనల పిండి మన యింటివలెనే పొంగుచున్నది.