మెట్టసీమకు బయలుదేరుటకు ముందు

సంక్రాంతి సెలవులు దగ్గఱపడుచున్నవనగా మన పట్టణపుటిండ్లలో “ఈ యేడెక్కడికి?” అను ప్రశ్న పుట్టును. ఒకరు ఉదకమండలమందురు, ఒకరు అరకులోయ యందురు. ఈ యేడు మమ్మడిగినవారితో మేము “అనుమసముద్రంపేట” అంటిమి. విన్నవారందఱును ఒక్క నిమిషమూరకుండి, గొంతు తగ్గించి, “ఎవరికి బాగులేదు?” అని యడిగిరి. ఆ యూర ఖాజా నాయబ్ రసూల్ దర్గా కలదు. తీరని జబ్బులు, మనోవ్యాధులు గలవారిని, హిందువులు ముసల్మానులు అను భేదము లేక, అచ్చటికి గొనిపోవుదురు. కావున నెల్లూరిలో నెవరైన నాయూరి పేరెత్తినచో ఇంట రోగి కలడని యర్థము.

మా యింట రోగులు లేరు. నేలను, పొదను, పిట్టను, చీకటి యాకాశమును జూచుటకై నాలుగు దినములు పోవలయునని మా తలంపు. ఈ మాట చెప్పగానే వారి ముఖములలో జాలి పోయి నవ్వు వచ్చినది. “ఆ యెడారిలో జూచుటకేమున్నదయ్యా? ఒక జలపాతమా, ఒక లోయయా?” అనిరి.

నెల్లూరు జిల్లా యనగానే వరిపైరు, పెన్నకాలువలు, మొలకొలుకుల బియ్యము తలంపునకు వచ్చును. అది తూర్పు సగము మాట. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు సాగిన కొలఁది పచ్చదనము పలుచనగును. పడమట వెలిగొండలు గోడవలె నిలిచి యీ నేలను కడప నేలనుండి వేఱుపఱుచును. గోడకు తూర్పున ఎఱ్ఱని గరపనేల, గులకఱాళ్లు, రేగు, బలుసు, కలివి పొదలు, తుమ్మలు. నడుమ నడుమ కంది, సజ్జ, ఒక నిమ్మతోట. ఇసుకదిన్నెలు లేవు గనుక నిది యెడారి కాదు. ఏటిలో నెక్కువ దినములు నీటికి వెదకుకొనవలసినదే గనుక నెడారి కాదనుటయు సులభము కాదు. ఇచ్చటి వర్షములో ముఖ్యభాగము ఆశ్వయుజ కార్తికములలో తూర్పు కడలినుండి వచ్చు వాయుగుండముల చలువ. అవి దారి తప్పిన యేడు చెఱువులు పగుళ్లు వాఱును.

అట్టి యూరి పేరులో సముద్రమున్నది! పొరుగున అనంతసాగరమున్నది. మన పూర్వులు పెద్ద చెఱువునకు సముద్రమనియు, సాగరమనియు పేరు పెట్టుచుండిరి. పొరలివచ్చు వాననీటి కడ్డముగ మట్టికట్ట పోసి, నాలుగు మాసములు నిలిచిన నీటిని జూచి, “ఇది మా సముద్రము” అనుకొన్నవారు నీటి విలువ యెఱుగనివారు కారు. మొదట మేమును దీనినొక యతిశయోక్తి యనుకొంటిమి. అట్లు కాదని తెలియుటకు మాకొక యవమానము కావలసివచ్చెను.

ఇరువదియేండ్ల క్రిందట, ఎండకాలములో, మేము తొమ్మండుగురము ఆ పేటకు నాలుగైదు మైళ్లలోనున్న మా మేనత్తగారి పల్లెకు పోయితిమి. పట్టణపు రొదనుండి తప్పించుకొని “ప్రశాంతముగ” మూడు దినములుందమని పోయితిమి. దుమ్ము పడినదని వచ్చిన వెంటనే స్నానములు. ఉక్క పోయుచున్నదని సాయంకాలము మఱల స్నానములు. పిల్లలు చెంబులతో నొకరిపై నొకరు చల్లుకొనిరి. పెరటి తొట్టి యెప్పుడు చూచినను నిండియే యుండెను. అది యెట్లు నిండుచున్నదని మాలో నొక్కరికిని తోఁపలేదు. నెల్లూరిలో కుళాయి త్రిప్పిన వచ్చునట్లు అచ్చట తొట్టి తానై నిండుననుకొంటిమి కాబోలు.

మూడవరాత్రి గాలి లేక నిద్ర పట్టలేదు. నాలుగవజామున లేచి వీధిలోనికి వచ్చితిమి. ఊరి చివర నూతివద్ద లాంతరు వెలుగు కనఁబడెను. దగ్గఱకు పోయి చూతుము గదా, మా యత్త, ఆమె కోడలు, మఱి యిద్దఱు స్త్రీలు నూతి యొరపై గూర్చుండియున్నారు. నీరు తోడుటలేదు, నీరూరుటకై కనిపెట్టుకొని యున్నారు. అడుగున నూరిన దానిని చేదతో గీకి తెచ్చి కడవలో పోసి, మఱల గూర్చుండుట. మమ్ము చీకటిలో గుర్తెఱుగక, అందొక యామె మా యత్తతో ననుచున్నది: “మీ చుట్టాలొచ్చిన కాడ్నుంచి మా బిందెలు నిండడం లేదు వదినా.” మా యత్త బదులు చెప్పలేదు. మేమును పలుకలేదు. వచ్చిన యడుగులనే వెనుకకు పోయి పండుకొంటిమి. ఉదయమున తొట్టి నిండియుండెను.

ఆ యుదయమున మేము స్నానము చేయలేదని చెప్పగలిగినచో బాగుండును. చేసితిమి. ఎందులకు చేయలేదని యడిగిన నేమి చెప్పవలయునో తోఁపక చేసితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ యాత్రను గూర్చి యొక చిన్న వ్యాసము కూడ వ్రాసితిమి. అందులో వెన్నెల యున్నది, గొఱ్ఱెలమంద యున్నది, మా యత్త చేతి సజ్జరొట్టె యున్నది. నుయ్యి లేదు.

కావున నీ యేడు పదునొకండుగురు బయలుదేరుదమని మిత్రులు పట్టీ వ్రాయుచుండగా మాకు సంతోషము కలుగలేదు. కాని కారణము చెప్పుటకు నోరాడలేదు. చెప్పినది మా గృహిణి. పట్టీ చదివి, దుర్భిణీలు, పక్షుల పుస్తకములు, నడకచెప్పులు అన్నియు సరిగానున్నవని తల యూపి, “మీరక్కడ ప్రకృతిని చూతురు; మేమక్కడ పొయ్యిని చూతుము. ఆ పొయ్యి యిక్కడనే యున్నది గదా, మేమెందుకు రావలె?” అనెను. అది పరిహాసమని మిత్రులు నవ్విరి. ఆమె నవ్వలేదు. అప్పుడు మేము నూతి సంగతి చెప్పితిమి, ఇరువదియేండ్లకు మొదటిసారి. ఆమె యాశ్చర్యపడలేదు. “నాకు తెలియును. ఆ మూడు దినములు కోడలితో కడవలు మోసినదానను నేనే గదా. రెండవ రాత్రినుండి” అనెను.

ఈ మాట వ్రాయవలెనా యని మేము రెండు దినములు సందేహించితిమి. స్త్రీ విద్యను గూర్చియు, గృహిణుల విశ్రాంతిని గూర్చియు సభలలో మాటలాడు చేతితోనే యీ సంగతిని వ్రాయుట సుఖముగా లేదు. అయినను ఈ పత్రిక చదువు నిండ్లలో నీ యేడు కూడ పట్టీలు సిద్ధమగుచుండును గదా యని వ్రాయుచున్నాము.

పట్టీ మాఱినది. పదునొకండుగురు నలుగురైరి: మేము, మా గృహిణి, పిల్లలిద్దఱు. ఎండకాలము కాదు, చెఱువులలో నీరుండు పుష్యమాసము. దర్గా గంధోత్సవపు దినములు కావు. అప్పుడు పేటయంతయు జనమే, నీటికి నీడకు పోటీయే. వంట మేమును మా కుమారుడును చేయుదుము. మా గృహిణి పక్షుల పుస్తకము పట్టుకొని పొలములో తిరుగును. ఈ భాగము మాత్రము మా కుమారునికి రుచింపలేదు. వానికి చారు పెట్టుట నేర్పుచున్నాము, ఇప్పటికి రెండుమాఱులు మాడ్చినాడు.

మా మిత్రుడైన యుపాధ్యాయుడొకడు పట్టీనుండి తన పేరు తీసివేసినందులకు నొచ్చుకొనెను. అతనిది స్నానముల గొడవ కాదు. అతడు కలివికోడి కొఱకు రాదలచినాడు. ఈ పక్షి కథ చెప్పదగినది. 1840 ప్రాంతములలో నెల్లూరిలో ప్రభుత్వవైద్యుడుగా నుండిన జెర్డన్ అను నాంగ్లేయుడు పక్షిశాస్త్రమున దొడ్డవాడు. ఈ నేలలోని జంతువులను గూర్చి యానాదులనడిగి తెలిసికొన్నవాడు. వెలిగొండల ప్రాంతపు పొదలలో దొరకిన యొక చిన్న పక్షి 1848లో శాస్త్రమున కెక్కి, అతని పేరనే ప్రపంచమున ప్రసిద్ధమయ్యెను. మెడ క్రింద రెండు పట్టెలుండును. పగలెల్ల దాగి రాత్రి పొదల నడుమ పరుగిడును. 1900 తరువాత నది యెవరికిని కనఁబడలేదు. అంతరించినదని పుస్తకములు వ్రాసికొన్నవి. పల్లెవేటగాండ్రు మాత్రము దానిని కలివికోడి యనుచునే యుండిరి. 1986 జనవరిలో కడపజిల్లా లంకమల చెంత, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు శాస్త్రజ్ఞుడైన భరత్ భూషణ్ గారి యన్వేషణలో, స్థానికుడొకడు దీపపు వెలుగులో దానిని పట్టెను. ఎనుబదియాఱేండ్లకు మనుష్యునికి చిక్కిన యా మొదటి కలివికోడి బ్రదుకలేదు, బొంబాయిలో భద్రపఱుపఁబడినది. దానికొఱకు లంకమలలో నభయారణ్య మేర్పడెను.

ఆ పక్షికి దట్టమైన యడవి పనికిరాదు, బయలు పనికిరాదు. పొదకును పొదకును నడుమ పరుగిడ చోటుండవలె. మేకలు మితముగ మేసి, జనులు మితముగ పుల్లలేఱుకొనిన నేలయే దాని యిల్లు. మనము పనికిరాని బీడనునది దానికి సరిగ సరిపోయిన నేల. బీడుగదా యని దున్నినను, కాలువ త్రవ్వినను, మేలుచేయుచున్నామని చెట్లు క్రిక్కిఱియ నాటినను దాని యిల్లు పోవును. తరువాతి శాస్త్రజ్ఞులు బుద్ధి తెచ్చుకొని దానిని దీపములతో తఱుముట మానిరి. పొదల నడుమ జల్లించిన మట్టిని పట్టెలుగా పఱచి, తెల్లవాఱిన పిమ్మట పాదముల గుర్తులు చదువుచు వచ్చిరి.

మిత్రునకు మాత్రము తలదీపములు కట్టుకొని నాలుగు రాత్రులు వెలిగొండ క్రింద తిరుగవలయునని యాశ. ఆ సంగతి ఫోనులో మా మేనత్తతో ననగా నామె, “ఏందిరా నాయనా, రాత్రిపూట లైట్లేసుకోని తిరిగితే కుందేళ్ల వేటగాళ్లనుకుంటారు, లేకపోతే ఎర్రచందనం దొంగలనుకుంటారు. ఫారెస్టోళ్లు పట్టకపోతే మా ఊరి కుక్కలైనా పడతాయి” అనెను. అటవీశాఖవారి యనుమతి లేక యా కొండలలో రాత్రి యడుగిడరాదనుట నిజమే. ఆ పక్షిని మేము వెదకము. దాని నేలను పగలు చూతుము.

మా యత్తకిప్పుడెనుబదియేండ్లు. పల్లెలో కుళాయి వచ్చినది. నూతిపై నిప్పుడు రాతిపలక మూసిరట. అయినను కుళాయినీరు బోరునీరే. ఉదయగిరి ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. అట్టి నీటిని యేండ్ల తరబడి త్రాగిన పల్లెలలో పండ్లు గారపట్టి, కీళ్లు బిగిసినవారున్నారు. కావున త్రాగుటకు శుద్ధిచేసిన నీటిడబ్బా కొందురు. ఇంతకును నూటికి దగ్గఱలో సోమశిలవద్ద పెన్నకు పెద్ద యానకట్ట యున్నది. నిండినచో డెబ్బదియెనిమిది టీఎంసీల నీరు నిలుచును. నెల్లూరిలో మేము తొట్టులు నింపుకొనునది యా పెన్న నీరే. నీరు పల్లమెఱుగునని సామెత. మెట్ట నెఱుగదని దాని రెండవ సగము. ఆ సగము మేము పల్లమున నుండుటచే మాకు వినఁబడదు.

“ఏముందిరా యీడ చూడను? రాళ్లు, గొర్రెలు” అని మొదట ననిన యత్త, తరువాత తానే కార్యక్రమము వేసినది. ఉదయమున మందవాని వెంట పోవలెను. వాని కూలి వానికీయవలెను, “ఊరికే తిప్పించుకోవద్దు.” నెల్లూరుజాతి గొఱ్ఱె యనగా నేమో పిల్లలెఱుగరు. ఉన్ని లేని పొడుగుకాళ్ల గొఱ్ఱె. భారతదేశపు గొఱ్ఱెలలో దానియంత యెత్తైనది లేదు. తెల్లనిది పల్ల, తెల్లని మేన నల్లమచ్చలున్నది జోడిపి, ఎఱ్ఱనిది దొర. ఈ ముండ్లపొదలను మేసి యింత యెత్తెట్లు పెరిగినదో మందవాని నడుగవలెనని మా కుమార్తె ప్రశ్న వ్రాసికొన్నది. మధ్యాహ్నము చెఱువుకట్ట చింతక్రింద నుండవలెను. సాయంకాలము ఊరక గూర్చుండవలెను. “అదే చూడాల్సింది” అని యత్త నొక్కిచెప్పెను. ఒకపూట ఉదయగిరి పోయి, కొయ్యగరిటెలు చెక్కు నాడువారి యిండ్లు చూచి, బేరమాడక నాలుగు గరిటెలు కొనవలెను. దుర్గము మీది కెక్కుట పిల్లల యోపికను బట్టి. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి యారంభించి 1514లో గజపతులనుండి యా దుర్గమును గొన్నాడని మాత్రము క్రిందనుండియే చెప్పవచ్చును.

ఆఖరున మా గృహిణి ఫోను తీసికొని, “అత్తయ్యా, మీకేమి తేవలె?” అని యడిగెను. మా యత్త కొంతసేపు పలుకక, “ఏం వద్దమ్మా. ఈసారి నువ్వు నాతో కూర్చో” అనినది.

ఇంక తేదీ యొక్కటి నిర్ణయము కాలేదు. ఈ కార్తికమున వానలు పలుచనగా పడినవి. చెఱువు సగమైనను నిండలేదనియు, ఇంకొక వాయుగుండము వచ్చిన నిండవచ్చుననియు అత్త కబురు. నిండినచో తానే ఫోను చేయునట, చేయకున్న రావలదట. మా కుమారుడు ప్రతిదినము వాతావరణవార్తలు చదువుచున్నాడు. సంచి సిద్ధముగానున్నది. అందులో పై చెంబులు తీసివేసి, ఒక్క చెంబు నుంచితిమి.