గిన్నె కదపకు

రాత్రి పాలలో తోడు వేసి మూత పెట్టాక మా అమ్మమ్మ ఆ గిన్నె దరిదాపులకు ఎవరినీ రానిచ్చేది కాదు. "కదిపితే తోడుకోదర్రా" అనేది. తెల్లారగానే మాత్రం తనే మూత తీసి, గిన్నెను పక్కనుంచి రెండు వేళ్లతో తట్టేది. మీగడ కింద సన్నటి వణుకు ఒకటి పాకి సద్దుమణిగితే సరే. తొణికితే మళ్లీ మూత.

ఆమె చూసింది ఒక అలనని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

పదార్థం లోపల పోయే అలలు రెండు రకాలు. మొదటిది నొక్కుతూ పోయేది. శబ్దం అంటే అదే. సెకనుకు దాదాపు 1500 మీటర్లు దూసుకుపోతుంది. పాలు పెరుగయ్యాయన్న సంగతే దానికి పట్టదు. వందలో 87 పాళ్లు అప్పుడూ నీళ్లే, ఇప్పుడూ నీళ్లే కదా! రెండోది పక్కకు ఊపుతూ పోయేది. ఒక పొరను జరిపితే అది తిరిగి తన చోటికి రావాలి, వస్తూ పక్క పొరను లాగాలి. పాలకు ఆ పట్టు లేదు. అందుకే పాలలో ఆ అల పుట్టిన చోటే చస్తుంది. (పైన తొణికే అల సంగతి వేరు, అది పాల బరువు ఆడించే ఆట.)

రాత్రంతా తోడులోని బాక్టీరియా పాల చక్కెరను పులుపు చేస్తుంటాయి. అప్పటిదాకా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతున్న కేసీన్ అనే ప్రోటీన్ రేణువులు, పులుపు పెరిగేకొద్దీ వైరం మరిచి అంటుకుంటాయి. పీహెచ్ 6.7 నుంచి 4.6 వైపు దిగుతుంటే గొలుసులు వల అవుతాయి. ఆ వల ఈ గోడ నుంచి ఆ గోడకు అందిందా, ఊపుడు అలకు తొలిసారి దారి దొరికినట్టే. నడక మాత్రం నత్తదే. పెరుగు బాగా తోడుకున్నా సెకనుకు మూరెడు, అటూఇటూగా. గట్టిదనం నాలుగింతలైతే వేగం రెండింతలవుతుంది కాబట్టి, వేగాన్ని బట్టి వల ఎంత బిగిసిందో వేలు ముంచకుండానే చెప్పొచ్చు. కాలేయం గట్టిపడిందేమో చూసే ఫైబ్రోస్కాన్ కిటుకూ ఇదే. పక్కటెముకల మధ్య చిన్నగా తట్టి, ఆ వణుకు ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్‌తో చూస్తుంది. నెమ్మది అలకు వేగపు అల కాపలా!

చిక్కంతా ఒకటే. తోడుకుందో లేదో తెలియాలంటే ఊపాలి, ఊపితే వల తెగుతుంది. తెగింది మునుపటిలా అతకదు, నీరు వదిలేస్తుంది. ప్రయోగశాలల్లో అందుకే తెలిసీ తెలియనంతగా ఊపుతారు. రెండు వేళ్ల లెక్కా అదే అయ్యుంటుంది.

ఒక చలికాలం రాత్రి నేను ఆత్రం కొద్దీ మూడుసార్లు లేచి గిన్నె కదిపాను. పొద్దున పైన పచ్చటి నీరు, అడుగున ముక్కలు. అమ్మమ్మ ఒక్క మాటా అనలేదు. కవ్వం తెచ్చి నా చేతికిచ్చింది.